తమ్ముడి డెత్ సర్టిఫికెట్ ఏ కౌంటీలో ఉంది?

ఖమ్మం జిల్లా నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లిన ఆమె తమ్ముడు పద్నాలుగు నెలల క్రితం టెక్సాస్‌లో చనిపోయాడు. ఉండేది డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో. సెలవులకు స్నేహితులతో కారులో పశ్చిమ టెక్సాస్ వైపు వెళ్తుంటే ఒక చిన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) హైవే మీద ప్రమాదం జరిగింది. హెలికాప్టర్‌లో వేరే ఊరి పెద్దాసుపత్రికి తరలించారు. మర్నాడు తెల్లవారుజామున అక్కడే ప్రాణం పోయింది. స్నేహితులు, అక్కడి తెలుగువాళ్లు చందాలు పోగుచేసి దేహాన్ని ఊరికి పంపారు. శవపేటికతో పాటు ఒక కవరులో కొన్ని కాగితాలు వచ్చాయి. వాటిలో డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటే, అదీ మసకగా ఉంది. అందులో పేరు, ఇంటిపేరు వరస తలకిందులుగా పడింది. మరణ కారణం ఉండాల్సిన చోట ‘పెండింగ్’ అని ఉంది.

ఇన్సూరెన్స్ కంపెనీ అపోస్టిల్ (విదేశంలో వాడటానికి, పత్రం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) ఉన్న అసలు సర్టిఫికెట్ అడుగుతోంది. చదువుల అప్పు ఇచ్చిన బ్యాంకు కో-అప్లికెంట్ అయిన తండ్రికి నోటీసులు పంపుతోంది. తమ్ముడి స్నేహితుడొకరు ప్రమాదం జరిగిన కౌంటీలో రికార్డులు చూసే అధికారికి, అంటే కౌంటీ క్లర్క్‌కు, ఫీజు కట్టి దరఖాస్తు పెడితే ‘మా దగ్గర అలాంటి రికార్డు లేదు’ అని జవాబు వచ్చింది. అరవై వేలు ఇస్తే తెప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి కాబట్టి పంచాయతీలోనే మరణం నమోదు చేయించుకోమని ఊళ్లో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. “కారు నడిపిన అబ్బాయి తమ్ముడి ప్రాణస్నేహితుడు. వాడిని ఇబ్బంది పెట్టే పని ఏదీ చేయకూడదని అమ్మ గట్టిగా చెప్పింది. అసలు రికార్డే లేదంటుంటే మేం ఎక్కడ వెతకాలి?” అని అడుగుతున్నారు.

అమ్మా, రికార్డు ఉంది. వెతికిన చోటు వేరు, అంతే. టెక్సాస్‌లో మరణం ఏ కౌంటీలో సంభవిస్తే అక్కడే నమోదవుతుంది. ప్రమాదం ఎక్కడ జరిగింది, మనిషి ఎక్కడ కాపురముండేవాడు అన్నవాటితో నమోదుకు పని లేదు. మీ తమ్ముడి విషయంలో మూడు కౌంటీలున్నాయి. అపార్ట్‌మెంట్ ఉన్నది ఒకటి, కారు బోల్తాపడినది ఒకటి, ఆసుపత్రి ఉన్నది ఇంకొకటి. డెత్ సర్టిఫికెట్ ఆ మూడోదానిలో ఉంటుంది. ప్రమాదం జరిగిన కౌంటీ క్లర్క్ అబద్ధం చెప్పలేదు, మీ పని నిర్లక్ష్యమూ చేయలేదు. ఆవిడ పుస్తకాల్లో ఆ పేరు నిజంగానే లేదు. దొరకకపోయినా వెతికినందుకు ఫీజు తీసుకుంటారు కాబట్టి ఆ డబ్బు తిరిగి రాదు.

ఆ మసక జిరాక్స్‌ను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. అందులో ‘కౌంటీ ఆఫ్ డెత్’ అని ఒక గడి, దాని పక్కనే ‘సిటీ ఆర్ టౌన్’ అని ఇంకో గడి ఉంటాయి. మృతుడి ఇంటి చిరునామా గడి వేరు, అక్కడ డాలస్ వైపు కౌంటీ పేరుంటుంది. ఈ రెండింటినీ కలగలిపి చదవడం చాలామందికి జరిగే పొరపాటు. అక్షరాలు అందకపోతే కవరులోని మిగతా కాగితాలు తీయండి. దేహాన్ని పాడవకుండా సిద్ధం చేసినట్టు ఇచ్చే ఎంబామింగ్ సర్టిఫికెట్, దేహాన్ని తరలించడానికి ఇచ్చే పర్మిట్, ఇండియన్ కాన్సులేట్ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్ట్ అందులో ఉండాలి. ఎంబామింగ్ సర్టిఫికెట్ ఫ్యూనరల్ హోమ్ (అక్కడ అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థ) లెటర్‌హెడ్ మీద ఉంటుంది. దాని మీద చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. మీకిప్పుడు ఏ క్లర్క్ కంటే ఆ నంబరే ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు నింపి రాష్ట్ర కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కించింది ఆ ఫ్యూనరల్ హోమ్‌వాళ్లే. మరణ కారణం మాత్రం వాళ్ల చేతిలో ఉండదు.

ఇక ‘పెండింగ్’ సంగతి. దీన్ని తేల్చుకోకుండా ఒక్క డాలరు కూడా కట్టొద్దు. రోడ్డు ప్రమాదం సహజ మరణం కాదు కాబట్టి కారణం రాయాల్సింది ఆసుపత్రి డాక్టరు కాదు. పెద్ద కౌంటీలు కొన్నింటిలో ఇలాంటి మరణాలకు కారణం తేల్చే ప్రభుత్వ వైద్యుడి ఆఫీసు, అంటే మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు, ఉంటుంది. టెక్సాస్‌లో 254 కౌంటీలుంటే, ఎక్కువ చోట్ల ఆ ఆఫీసు లేదు. లేనిచోట జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక న్యాయాధికారే శవపంచనామా జరిపి మరణ కారణం ధ్రువీకరిస్తారు. ఈయన డాక్టరు కానక్కర్లేదు, లాయరు కూడా కానక్కర్లేదు. నాలుగేళ్లకోసారి ప్రజలు ఎన్నుకునే పదవి అది. పోస్టుమార్టం అవసరమనుకుంటే దేహాన్ని వేరే కౌంటీకి పంపి చేయిస్తారు. రక్తపరీక్షల నివేదికలు రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందాకా అంత్యక్రియలు ఆగకూడదని కారణం గడిలో ‘పెండింగ్’ అని పెట్టి సర్టిఫికెట్ విడుదల చేస్తారు. నివేదిక వచ్చాక ఆ అధికారే రాష్ట్ర వ్యవస్థలోకి వెళ్లి కారణం సవరించాలి.

సవరణ తర్వాత తీసుకున్న ప్రతుల్లోనే అసలు కారణం కనిపిస్తుంది. మీ దగ్గరున్న పాత కాగితం దానంతటదే మారదు. పద్నాలుగు నెలలు గడిచాయి కాబట్టి ఇప్పటికే సవరించి ఉండే అవకాశం ఎక్కువ. అయితే నివేదిక ఫైల్లోకి చేరినా కంప్యూటర్‌లో సవరణ ఎక్కించడం మరిచిపోయిన సందర్భాలుంటాయి. ఎన్నికల్లో ఆ అధికారి మారిపోయి, కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఫైలు సంగతే తెలియకపోవడమూ ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ కింది భాగంలో ధ్రువీకరించిన అధికారి పేరు, హోదా చూసి ఆ ఆఫీసుకు ఫోన్ చేయించండి. అడగాల్సినవి రెండు. కారణం ఖరారైందా? ‘మ్యానర్ ఆఫ్ డెత్’ (మరణం ఏ తీరున జరిగింది) గడిలో ‘యాక్సిడెంట్’ అని పడిందా? రెండోది మీకు ప్రాణం. పాలసీలో ప్రమాద మరణానికి అదనపు మొత్తం ఉంటే అది ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది. ఖరారు కాలేదంటే కోప్పడకుండా, మృతుడి పూర్తి పేరు, మరణించిన తేదీ, ఆసుపత్రి పేరు రాసి, ఇన్సూరెన్స్ ఆగిపోయిందని చెబుతూ ఒక ఈమెయిల్ పెట్టించండి. ఈ ఆఫీసులు చాలాచోట్ల ఒకరిద్దరు మనుషులతో నడుస్తాయి. ఫోన్‌లో చెప్పింది కాగితం మీద లేకపోతే మరుగున పడుతుంది.

మీరే ఫోన్ చేసేటట్లయితే, వేసవిలో అక్కడ ఉదయం 9 అయితే మనకు రాత్రి 7.30. నవంబరు నుంచి మార్చి దాకా 8.30. చిన్న కౌంటీల్లో మధ్యాహ్నం గంటసేపు ఆఫీసు మూసేయడం మామూలే కాబట్టి పొద్దున్నే చేయడం మేలు.

పేరు తలకిందులైన విషయానికి వస్తే, ఇది తెలుగువాళ్ల కాగితాల్లో తరచూ జరిగేదే. అక్కడి ఫారంలో ‘ఫస్ట్’, ‘మిడిల్’, ‘లాస్ట్’ అని మూడు గడులుంటాయి. మన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు ఉంటుంది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వివరాలు చెప్పిన స్నేహితుడు మనం పిలిచే వరసలోనే, ముందు ఇంటిపేరు, తర్వాత పేరు చెప్పి ఉంటాడు. విన్నవాళ్లు అదే వరసలో నింపేశారు. తల్లి పేరు గడి కూడా చూడండి. అక్కడ పెళ్లికి ముందు ఇంటిపేరు అడుగుతారు. స్నేహితులకు అది తెలిసే అవకాశం లేదు కాబట్టి మీ నాన్నగారి ఇంటిపేరే రాసి ఉంటారు. పుట్టిన తేదీలో వాళ్లు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 04/07 అంటే ఏప్రిల్ 7, జూలై 4 కాదు. తప్పు పడిందని కంగారుపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

అన్ని తప్పులూ సరిచేయించాలా అంటే, నేను అక్కర్లేదంటాను. తల్లి పెళ్లికి ముందు ఇంటిపేరు తప్పుపడితే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. పేరులో అక్షరాలన్నీ సరిగ్గా ఉండి వరస మాత్రమే మారితే, ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి అని ఇక్కడ నోటరీ అఫిడవిట్ పెట్టి, పాస్‌పోర్ట్ కాపీ జతచేస్తే చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి. ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే ఈమెయిల్ రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ఒప్పుకోకపోయినా, పేరులో అక్షరమే పోయినా, పుట్టిన తేదీ గానీ తండ్రి పేరు గానీ తప్పైనా, సవరణ తప్పదు. దానికి జనన మరణాల రికార్డులు చూసే టెక్సాస్ వైటల్ స్టాటిస్టిక్స్ విభాగంలో వీఎస్-173 అనే ఫారం ఉంది. సవరణ ఫీజు 15 డాలర్లు, కొత్త ప్రతుల ఖర్చు వేరే. ఫ్యూనరల్ హోమ్ ద్వారా వెళ్తే సులువు, ఎందుకంటే మొదట నింపింది వాళ్లే. ఆధారాలుగా పాస్‌పోర్ట్, పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం సిద్ధంగా ఉంచండి. ఇది పూర్తయ్యేదాకా వారాలు గడుస్తాయి. ఆ సమయం మీకుందో లేదో చూసుకుని నిర్ణయించుకోండి.

ఇప్పుడు ప్రతులు ఎవరు, ఎలా అడగాలి? టెక్సాస్‌లో మరణ రికార్డు 25 ఏళ్ల దాకా గోప్యం. ఆ తర్వాతే ఎవరైనా తీసుకోవచ్చు. అందాకా తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, తాత నాయనమ్మలు, లేదా వాళ్ల తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి మాత్రమే అడగాలి. ఆ స్నేహితుడు తన పేరు మీద దరఖాస్తు పెట్టి ఉంటే, సరైన కౌంటీకి పంపినా తిరస్కరించేవాళ్లు. అక్కగా మీకు హక్కుంది. కానీ పెళ్లయ్యాక మీ ఇంటిపేరు మారింది కదా, మీ గుర్తింపు కార్డులో పేరుకూ తమ్ముడి పేరుకూ పొంతన కనపడదు. అక్కడి క్లర్క్ సంబంధం రుజువు అడిగితే కాగితాల పని పెరుగుతుంది. నాన్నగారి పేరు మీదే వెళ్లడం మంచిది.

మీ ముందున్న దారుల్లో మొదటిది ఫ్యూనరల్ హోమ్. మృతుడి కుటుంబం తరఫున ప్రతులు తెప్పించడం వాళ్లకు రోజువారీ పని. నాన్నగారు సంతకం చేసిన లేఖ, ఆయన గుర్తింపు కార్డు స్కాన్, ఎన్ని ప్రతులు కావాలో రాసి పంపితే చాలాసార్లు పని జరిగిపోతుంది. మీరు రాసినదాన్నిబట్టి నాన్నగారికి పాస్‌పోర్ట్ లేదు. ఆధార్ కార్డు అక్కడి ఆఫీసులకు పరిచయం లేనిది. అందుకే మీ ఇంటికి ఈ దారే అన్నిటికన్నా నప్పుతుంది. ఏడాది దాటితే మేం చేయమనే ఫ్యూనరల్ హోమ్‌లూ ఉంటాయి. అయినా అడిగితే పోయేదేమీ లేదు. అడిగే సమయంలోనే కారణం ఖరారైందో లేదో చూసి చెప్పమనండి.

వాళ్లు కాదంటే, అమెరికాలో నమ్మకమైన మనిషికి నాన్నగారు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, ఆ మనిషి ద్వారా దరఖాస్తు పెట్టించవచ్చు. ఇందులో ఈ రికార్డు తెప్పించడం, అపోస్టిల్ చేయించడం అన్న రెండు పనులకే అధికారం రాయించండి. ఆస్తులు, బ్యాంకు ఖాతాలు అన్నీ కలిపి రాసే రెడీమేడ్ నమూనా వాడొద్దు. మూడో దారి ఇక్కడి నుంచి పోస్టులో నేరుగా పంపడం. దరఖాస్తు మీద సంతకం నోటరీ ముందు జరగాలి. మన ఊరి నోటరీ ముద్రను వాళ్లు తిరస్కరించే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఒక్కో ముద్రకు 50 డాలర్లు. పైగా ఫీజు అక్కడి మనీ ఆర్డరుగానో చెక్కుగానో కట్టాలి కాబట్టి ఎలాగూ అక్కడ ఒక మనిషి కావాలి. ఇది ఆఖరి మార్గం.

దరఖాస్తు ఏ ఆఫీసుకు అన్నది ఇంకో ముడి. ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆఫీసు దగ్గర అన్ని కౌంటీల రికార్డులూ ఉంటాయి. స్థానికంగా అయితే, చట్టం ప్రకారం 2,500 లేదా అంతకుమించి జనాభా ఉన్న పట్టణంలో పట్టణ సెక్రటరీ రిజిస్ట్రారు. పట్టణం బయట ఆ ప్రాంతపు జస్టిస్ ఆఫ్ ద పీస్. చాలాచోట్ల ఈ బాధ్యతను కౌంటీ క్లర్క్‌కు అప్పగించారు. అంటే ఆసుపత్రి ఉన్న కౌంటీకే రాసినా, రికార్డు సిటీ ఆఫీసులో ఉండి కౌంటీ క్లర్క్ మళ్లీ ‘లేదు’ అనే అవకాశం ఉంది. మీకు అపోస్టిల్ కూడా కావాలి కాబట్టి, నా అభిప్రాయంలో నేరుగా ఆస్టిన్‌కే పెట్టడం నయం. కాస్త ఆలస్యమైనా, ఆ సంతకం మీద అపోస్టిల్‌కు అడ్డంకులుండవు. ఒక్క ప్రతి వెంటనే కావాలంటే మాత్రం స్థానిక ఆఫీసు త్వరగా ఇస్తుంది.

రాష్ట్ర ఆఫీసులో మొదటి ప్రతికి 20 డాలర్లు. అదే దరఖాస్తులో అడిగిన ప్రతి అదనపు ప్రతికి 3 డాలర్లు. తర్వాత మళ్లీ విడిగా అడిగితే మళ్లీ 20 నుంచి మొదలు. అందుకని ఒకేసారి ఆరు తీసుకోండి, 35 డాలర్లవుతుంది. అపోస్టిల్ ఆస్టిన్‌లోనే టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు వేస్తుంది. ఒక్కోదానికి 15 డాలర్లు, వెంట 2102 నంబరు ఫారం. అందులో ఏ దేశంలో వాడతారు అన్న గడిలో ఇండియా అని రాయాలి. మూడింటికి వేయిస్తే చాలు, 45 డాలర్లు. అంటే మొత్తం 80 డాలర్లు, కొరియర్ వేరే. ఫీజులు మారుతుంటాయి, పంపేముందు ఆ రోజు రేటు సరిచూడండి. ఎలా చూసినా మన డబ్బుల్లో పదివేల లోపు పని ఇది. అరవై వేలు అడిగిన ఏజెంటు పెట్టబోయేదీ ఇదే దరఖాస్తు. చేసిపెట్టే మనిషే లేక ఏజెంటును పెట్టుకోక తప్పకపోతే, ప్రభుత్వ ఫీజుల రసీదులు ఇస్తావా, ‘పెండింగ్’ తొలగిన ప్రతే తెస్తానని రాసిస్తావా అని అడగండి. రెండోదానికి తటపటాయిస్తే వదిలేయండి.

అపోస్టిల్ దగ్గర డబ్బు వృథా అయ్యేది రెండు చోట్ల. ‘పెండింగ్’ ఉన్న పాత ప్రతికే తొందరపడి వేయించడం ఒకటి. జిరాక్స్‌కు నోటరీ చేయించి, దాని మీద అపోస్టిల్ తేవడం ఇంకొకటి. రెండోది చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ, అది ధ్రువీకరించేది నోటరీ సంతకాన్నే, సర్టిఫికెట్‌ను కాదు. ఇన్సూరెన్స్‌వాళ్లు తిప్పి పంపుతారు. అసలు ధ్రువప్రతి మీద అపోస్టిల్ వచ్చాక, స్కాన్ చేయడానికి కూడా ఆ రెండింటినీ కలిపిన పిన్నులు తీయకండి. విడదీస్తే చెల్లదంటారు. భారతదేశం 2005లోనే హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి, దీని మీద మళ్లీ కాన్సులేట్ అటెస్టేషన్ చేయించక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఈ ముక్క చెప్పండి.

పంచాయతీలో నమోదు చేయించమన్న పెద్దమనిషి మీ మేలు కోరే అన్నారు గానీ, ఆ దారి తొక్కొద్దు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం పంచాయతీ తన పరిధిలో జరిగిన మరణాన్నే నమోదు చేయాలి. దహనం ఊళ్లో జరిగినంత మాత్రాన మరణం ఊళ్లో జరిగినట్టు కాదు. ఊళ్లోనే చనిపోయాడని రాయిస్తే అది తప్పుడు సమాచారం, శిక్షార్హం. దానికంటే పెద్ద నష్టం ఇన్సూరెన్స్ వైపు నుంచి వస్తుంది. టెక్సాస్ ప్రమాదం, ఖమ్మం మరణం అని రెండు కాగితాలు ఒకే ఫైల్లో కనపడితే నిజమైన క్లెయిము కూడా మోసంగా తేలుతుంది. భారత పౌరులు విదేశాల్లో చనిపోతే నమోదు చేసే ఏర్పాటు అదే చట్టంలోని 20వ సెక్షన్‌లో ఉంది, అది భారత దౌత్య కార్యాలయాల ద్వారా జరుగుతుంది. టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ కిందికి వస్తుంది. పాస్‌పోర్ట్ రద్దు చేయించినప్పుడే స్నేహితులు ఇది కూడా చేయించి ఉండొచ్చు, కవరులో వెతకండి. లేకపోతే ఇప్పుడైనా కాన్సులేట్‌ను అడగండి. మన ప్రభుత్వ కాగితం చూస్తే బ్యాంకులో, తహసీల్దార్ ఆఫీసులో పని తేలికవుతుంది. మరణ కారణం కోసం మాత్రం టెక్సాస్ పత్రమే కావాలి.

ఇక మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, దానికి గడువుంది. టెక్సాస్‌లో ఒకరి తప్పు వల్ల మరణం జరిగితే పరిహారం కోరే దావా మామూలుగా రెండేళ్లలోపు వేయాలి. మీకు సుమారు పది నెలలే మిగిలాయి. ఈ హక్కు భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకే ఉంటుంది, తోబుట్టువులకు లేదు. అంటే ఇది అమ్మానాన్నల నిర్ణయం. అమ్మ మాట నాకు అర్థమైంది. ఆ అబ్బాయి కూడా ఆ రాత్రిని మోస్తున్నాడు. అయితే తప్పు ఎవరిదో మీ ఉత్తరంలో లేదు. అవతలి బండిదే కావచ్చు, లారీదే కావచ్చు. పోలీసులు రాసిన ప్రమాద నివేదిక చూస్తే తెలుస్తుంది. దాన్ని సీఆర్-3 అంటారు. టెక్సాస్ రవాణా శాఖ దగ్గర 6 డాలర్లు, ధ్రువప్రతి అయితే 8 డాలర్లు. దీనికి మాత్రం ప్రమాదం జరిగిన కౌంటీ పేరు, తేదీ ఇవ్వాలి. అలా స్నేహితుడు మొదట దరఖాస్తు పెట్టిన ఆ కౌంటీ పేరు ఇక్కడ పనికొస్తుంది.

తప్పు స్నేహితుడిదే అని తేలినా, ఇలాంటి క్లెయిముల్లో డబ్బు సాధారణంగా కారు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వస్తుంది, కుర్రవాడి జేబులోంచి కాదు. అక్కడి చట్టం ప్రకారం ఒక మనిషికి కనీస బీమా 30,000 డాలర్లు ఉండాలి. దావా వేయకుండా కంపెనీతో మాట్లాడుకుని తేల్చుకోవడమూ జరుగుతుంది. అయినా ఆ అబ్బాయి పేరు కాగితాల మీద ఉంటుంది, అతనికి ప్రశ్నలు తప్పవు. అమ్మ వద్దంటే వద్దు, అది కూడా సరైన నిర్ణయమే. నివేదిక చూశాక వద్దనుకోండి, చూడకుండా గడువు దాటనివ్వకండి. మాట్లాడాలనుకుంటే టెక్సాస్‌లో లైసెన్సున్న లాయరుతోనే. ఇలాంటి కేసుల్లో లాయర్లు ముందు ఫీజు అడక్కుండా, వచ్చిన దానిలో వాటా తీసుకునే పద్ధతి ఉంది. వాటా ఎంతో, కేసు ఓడితే ఖర్చులు ఎవరివో రాతలో తీసుకోండి.

ఇక్కడి పనులు సర్టిఫికెట్ వచ్చేదాకా ఆపక్కర్లేదు. చదువుల అప్పు శాంక్షన్ లెటర్ తీసి చూడండి. చాలా అప్పులకు విద్యార్థి పేరు మీద ఒకేసారి ప్రీమియం కట్టించుకుని జీవిత బీమా జతచేస్తారు, ఇంట్లోవాళ్లకు అది తెలియకుండానే ఉండిపోతుంది. ఉంటే బాకీలో ఎంత భాగం దానితో తీరుతుందో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. లేకపోతే కో-అప్లికెంట్‌గా నాన్నగారి మీద బాధ్యత ఉంటుంది. అప్పుడు వాయిదాలు తగ్గించమనీ, వడ్డీలో సర్దుబాటు చేయమనీ అడగడమే దారి. నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవడం మాత్రం నష్టం.

తమ్ముడి పేరు మీద ఇక్కడ డిపాజిట్లేమైనా ఉంటే, నామినీ ఎవరైనా అసలు వారసురాలు అమ్మ. పెళ్లికాని హిందూ పురుషుడికి మొదటి తరగతి వారసుల్లో తల్లి ఉంటుంది, తండ్రి రెండో తరగతిలోకి వస్తాడు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఇది తెలిసి ఉంటే తర్వాత కాగితాలు మార్చే పని ఉండదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ వారమే ఒక లేఖ రాయండి. మరణం ఫలానా తేదీన టెక్సాస్‌లో జరిగింది, ఇప్పుడున్న ప్రతిలో కారణం పెండింగ్ అని ఉంది, సవరించిన ధ్రువప్రతి కోసం దరఖాస్తు పెడుతున్నాం, క్లెయిము నమోదు చేసి గడువివ్వండి అని. మసక జిరాక్స్, పాస్‌పోర్ట్ కాపీ, పాలసీ నంబరు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆలస్యం ఒక్కదాన్నే కారణంగా చూపి నిజమైన క్లెయిములను తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. దాన్ని లేఖలో ప్రస్తావించి, పోస్టు రసీదును పాలసీ కాగితాలతో పాటు పెట్టుకోండి.